పోస్టులో వచ్చిన తోట

నా మొక్కల నోటుబుక్కులో మొదటి పేజీ 2021 జూన్‌ది. ఆ నెల గింజలకు, మొక్కలకు కలిపి 1,140 రూపాయలు పెట్టాను. అందులో 480 రూపాయలు కొరియర్‌కే పోయాయి. తెప్పించిన రకాల్లో మొలిచి కాయ దాకా వచ్చినవి మూడు. పోయిన ఏడాది జూన్ పేజీలో మొత్తం ఖర్చు 210 రూపాయలు, బంగ్లా (మిద్దె) మీద ఇరవై రెండు రకాలు కాశాయి. ఈ రెండు పేజీల నడుమ ఏం జరిగిందో రాయాలని చాన్నాళ్ల నుంచి అనుకుంటున్నాను. మా కాలనీలో కొత్తగా కుండీలు పెట్టుకున్న ఆడపిల్లలు ఫోన్ చేసి ఒక్కటే అడుగుతున్నారు: "అక్కా, గింజలు యాడ తెప్పిస్తవ్? మాకెందుకు మొలుస్తలేవు?" వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

మాది హనుమకొండ, గోపాల్‌పూర్ దిక్కు. వరంగల్‌లో దొరకని గింజలుంటాయా, పోస్టులో తెప్పించుకునుడేందని మొదట మా ఆయనే అడిగాడు. ఆయన మాటలో తప్పు లేదు. మిరుగం (మృగశిర కార్తె) దగ్గరపడితే వరంగల్ విత్తనాల షాపుల ముందు కాలు పెట్టే సందుండదు. కానీ ఆ షాపులు రైతుల కోసం. అక్కడ హైబ్రిడ్ మిరప ప్యాకెట్ 10 గ్రాములుంటుంది. గ్రాముకు 150 గింజలనుకున్నా పదిహేను వందల మొక్కలు. నాకు కావాల్సింది ఆరు. టమాటా అయితే ఒక్క గ్రాములోనే దాదాపు 300 గింజలుంటాయి. ఆరు కుండీల కోసం అర ఎకరం గింజలు కొనలేం కదా. ఇక ఊళ్లో దండలా వేలాడదీసి అమ్మే చిన్న ప్యాకెట్లు కూడా కొని చూశాను. రెండు ఎండాకాలాలు షాపు ముందు మాడి, బొమ్మలోని క్యారెట్ తెల్లబడిపోయిన ప్యాకెట్‌లో గింజకు ప్రాణం ఎక్కడిది? గింజకు ఎండ, తేమ రెండూ శత్రువులే. ఉల్లి గింజైతే బాగా దాచినా ఏడాది దాటితే సగానికి సగం మొలవదు.

అందుకని ఫోన్‌లో వెతికాను. మొదట తగిలింది ఒక షాపింగ్ యాప్‌లో "నలభై రకాల కూరగాయల విత్తనాలు, 349 రూపాయలు" అనే ప్రకటన. దానికి తోడు నీలం గులాబీ గింజలు. గులాబీ పెరిగేది కొమ్మతో, అంటుతో. గింజ వేసి నీలం గులాబీ పూయించినవాళ్లు లోకంలో లేరు. ఆ మాట అప్పుడు చెప్పేవాళ్లు లేకపోయారు. నలభై చిన్న చిన్న జిప్ కవర్లు వచ్చాయి. వాటి మీద పేరు తప్ప ఇంకేం లేదు. ఎప్పుడు కోసినవో లేదు, ఏ రకమో లేదు, దేశవాళీయో హైబ్రిడో లేదు. బీర, కాకర గింజలు నీళ్లలో వేస్తే సగానికి పైగా తేలాయి. నీలం గులాబీ అన్నది తోటకూర జాతి కలుపు మొక్కయింది. డబ్బులు వాపసు అడిగితే గడువు అయిపోయిందన్నారు. మొలవడానికి పదిహేను రోజులు పట్టే వస్తువుకు ఏడు రోజుల గడువు పెడితే ఎవరైనా ఎట్లా అడుగుతారు? ఇది నాకు ఇప్పటికీ అన్యాయమనే అనిపిస్తుంది.

మలుపు తెచ్చింది మా వీధి చివరింటి అక్క. కాజీపేట రైల్వేలో రిటైరై వచ్చింది, బంగ్లా మీద పాత నీళ్ల డ్రమ్ముల్లో పొట్లకాయలు పండిస్తుంది. "యాప్‌లు బంద్ చెయ్. గీమెకు ఫోన్ చెయ్. మదనపల్లె దిక్కు ఉంటది. పెరట్ల పండించిన గింజలే అమ్ముతది, లేనిది లేదంటది" అని నంబరిచ్చింది.

ఫోన్ చేశాను. ఎత్తగానే ఆమె అడిగింది ధర గురించి కాదు. "ఎండ ఎన్ని గంటలు పడుతుందమ్మా మీ మిద్దె మీద? కుండీ ఎంత లోతు?" అని. నేను తొమ్మిది రకాలు చెప్పాను. అందులో మూడు వద్దంది. క్యాబేజీ ఇప్పుడు వద్దు, చలికాలానికి అడుగు. గుమ్మడి నీ కుండీలో ఒదగదు. ఉల్లి గింజ పాతదుంది, పంపను. అమ్మేమనిషి వద్దని చెప్పడం నేను వినడం అదే మొదలు. ఆరు రకాలకు 120 రూపాయలు, పోస్టుకు 60.

అయిదో రోజు కవరొచ్చింది. అది విప్పిన సంగతి నాకు కళ్లకు కట్టినట్టుంది. పాత క్యాలెండర్ కాగితాన్ని ఆయుర్వేదం పొట్లంలా మడిచింది. ప్రతి పొట్లం మీద బాల్‌పెన్నుతో మూడు ముక్కలు: పేరు, కోసిన నెల, ఎన్ని గింజలు. "పందిరి చిక్కుడు – సంక్రాంతి కోత – 12" అని ఉన్న పొట్లంలో పదిహేనున్నాయి. గోధుమ రంగు గింజలు, ఒక పక్కన తెల్లటి గీత, గోటితో నొక్కితే రాయిలా ఉన్నాయి. బీర పొట్లం మీద ఇంకో మాట రాసింది: "పక్కన నేతిబీర ఉండింది. కలిసి ఉండొచ్చు. కాయ తేడాగా వస్తే గింజ దాచొద్దు." ఈ ఒక్క వాక్యం చదివాక ఆమె మీద నాకు కుదిరిన నమ్మకం ఇంతవరకు తగ్గలేదు. తన సరుకులో ఉన్న లోపం తానే రాసి పంపే వ్యాపారం ఎక్కడుంది?

అయినా ఆమెతో గొడవ పడ్డాను. తప్పు నాదే కాబట్టి వివరంగా చెప్పాలి.

ఆ పదిహేను చిక్కుడు గింజల్లో నాలుగు దాచుకుని మరుసటి ఏడాది జనవరిలో పెట్టాను. నాలుగుకు నాలుగూ మొలిచాయి. తీగ పందిరంతా అల్లుకుంది. ఫిబ్రవరి పోయింది, మార్చి పోయింది. రోహిణి కార్తె ఎండకు రోజూ రెండు పూటలా నీళ్లు మోసి బతికించాను. ఆగస్టు దాకా ఒక్క పూత లేదు. "గొడ్డు గింజలు పంపినవ్" అని మెసేజ్ పెట్టాను. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ బాధపడతాను. ఆమె కోపం చేయలేదు. ఫోన్ చేసి చెప్పింది: "ఇది పాతకాలం చిక్కుడమ్మా. పగటి పొద్దు కురచైతేనే పూత పూస్తుంది. ఎప్పుడు విత్తినా దసరా దాటాల్సిందే. తీగ కొయ్యొద్దు, ఓపిక పట్టు." నిజంగానే అక్టోబర్ నెలాఖరుకు ఊదారంగు పూత గెలలు గెలలుగా లేచింది. సంక్రాంతి దాకా మూడిళ్లకు పంచినా తరగలేదు. ఇప్పుడొచ్చే పొట్టి చిక్కుడు రకాలకు ఈ పట్టింపు లేదు, ఏ కాలంలోనైనా కాస్తాయి. నాటు పందిరి చిక్కుడు మాత్రం జూన్, జులైలోనే పెట్టాలి. ఎవరైనా చిక్కుడు గింజలు అమ్మితే నేను మొదట అడిగే ప్రశ్న ఇదే: పొట్టిదా, పందిరిదా?

ఇక డబ్బు సంగతి. గింజలు ఎప్పుడూ ఖరీదు కాదు. పొట్లం ఇరవై, ముప్పై రూపాయలు. మునిగేది పోస్టేజీ దగ్గర. ఒక్క పొట్లానికీ 60 రూపాయలే, ఇరవై పొట్లాలకూ ఇంచుమించు అంతే. ఈ లెక్క నోటుబుక్కులో చూసుకున్న రోజే మేం అయిదుగురం కలిశాం. రైల్వే అక్క, నేను, మా వదిన, పాల సెంటర్ నడిపే ఆమె, సుబేదారిలో ఉండే మా బిడ్డ ఫ్రెండ్ వాళ్లమ్మ. ఏడాదికి రెండే సార్లు తెప్పిస్తాం. ఒకటి మే నెల చివర, మిరుగానికి గింజ చేతిలో ఉండేట్టు. రెండోది సెప్టెంబర్‌లో, చలికాలం పంటలకు. అందరివీ ఒకే చిట్టీ మీద రాసి, ఒకే అడ్రస్‌కు తెప్పించి, ఆదివారం మా ఇంట్లో పంచుకుంటాం. పుంటికూర (గోంగూర), పాలకూర గింజలకు చెంచా కొలత. తోటకూర గింజ ఇసుక రేణువంత ఉంటుంది కాబట్టి దాన్ని ముందే గుప్పెడు ఇసుకలో కలిపి పంచుతాం, విత్తేటప్పుడు కూడా ఒకచోట గుంపు పడదు. కాకర, ఆనిగెపు (సొరకాయ) గింజలు లెక్కబెట్టి తలా నాలుగు. మనిషికి పోస్టేజీ 12 రూపాయలు పడింది. అందరి దగ్గరా ఒకే రకం గింజ ఉంటే ఇంకో లాభముంది: ఒకరివి మొలవకపోతే తప్పు గింజదా, చేతిదా అన్నది పక్కింటి కుండీ చూస్తే తెలిసిపోతుంది.

పోస్టేజీ ఆదా చేద్దామని ఒకసారి సాధారణ పోస్టులో పంపమన్నాను. 20 గ్రాముల లోపు కవరుకు 5 రూపాయల స్టాంపు చాలు. తోటకూర, టమాటా బాగానే వచ్చాయి. బొబ్బర్లు, గోరుచిక్కుడు మాత్రం ముద్ర దెబ్బలకో ఏమో రెండు బద్దలైపోయాయి. బద్దలైన పప్పుగింజ మొలవదు. అంతకుముందు కొందరు రిజిస్టర్డ్ పోస్టులో పంపేవాళ్లు. 2025లో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి ఇప్పుడు నంబరుతో వచ్చేదంటే స్పీడ్ పోస్టే. అందుకే కలిసి తెప్పించుకోవడం ఇప్పుడు ఇంకా అవసరమైంది.

గింజ రాగానే మొత్తం మట్టిలో పెట్టను. పది గింజలు తడి నూలు గుడ్డలో చుట్టి, మూత పెట్టిన డబ్బాలో ఉంచుతాను. బెండ, బొబ్బర్లు నాలుగు రోజుల్లో తేలిపోతాయి, టమాటాకు వారం, మిరపకు రెండు వారాల దాకా. ప్రభుత్వం సర్టిఫై చేసే విత్తనాలకు కనీస మొలక శాతం టమాటా, వంకాయకు 70, బెండకు 65, మిరపకు 60. పెరట్లో పండించిన గింజకు ఈ రూలు పట్టి ఎవరూ లేబుల్ వేయరు, కానీ మనకు కొలబద్ద కావాలి కదా. పదికి ఆరు మొలిస్తే నేను ఆ మనిషి దగ్గర మళ్లీ కొంటాను. మూడు మొలిస్తే ఫొటో తీసి పంపి చెబుతాను. మదనపల్లె ఆమె అట్లా చెప్పిన ప్రతిసారీ తర్వాతి కవర్లో ఆ రకం కొత్త కోతది వేసింది. మిగిలిన గింజలు సీసాలో, అడుగున వేయించి చల్లార్చిన గుప్పెడు బియ్యం పోసి, దాని మీద పొట్లాలు పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుతాను. బియ్యం తేమ లాగుతుంది. టమాటా గింజ అట్లా నాలుగేళ్లు నిలిచింది.

దేశవాళీ, హైబ్రిడ్ తేడా కూడా కొనేముందే అడగాలి. హైబ్రిడ్ చెడ్డదని నేననను. బెంగళూరు హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క రక్షక్ టమాటా ఒకసారి వేశాను. మూడు రోగాలను తట్టుకునే హైబ్రిడ్ అది, కుండీలో కూడా విరగకాసింది. కానీ దాని గింజ దాచి పెడితే మరుసటేడు తలా ఒక తీరు కాయ వచ్చింది. అదే సంస్థ బెండ అర్క అనామిక మామూలు రకం, గింజ దాచుకోవచ్చు. మా బంగ్లా మీద అయిదో ఏడు నడుస్తోంది, ఆకులు పసుపుపచ్చబడే పల్లాకు తెగులు దాదాపు రాదు. తక్కువ ఖర్చుతో తోట నడవాలంటే దాచుకునే రకాలు కొనాలి. పోయిన ఏడాది పేజీలో 210 రూపాయలే ఉండటానికి కారణం ఇదే. ఆ ఇరవై రెండు రకాల్లో పద్నాలుగు నేను దాచిన గింజలు.

మొక్కలు తెప్పించడం మాత్రం గింజల్లా కాదు. అక్కడ పోయేది ఎక్కువ, నేర్చుకోవాల్సింది ఎక్కువ.

మొదటి దెబ్బ 2022 ఏప్రిల్‌లో తగిలింది. ఆరు గులాబీ మొక్కలు తెప్పించాను. మూడు రోజులు చీకటి డబ్బాలో ప్రయాణం చేసి వచ్చాయి. ఆకులు పచ్చగానే ఉన్నాయి. సంబరంతో అదే రోజు పెద్ద కుండీల్లో పెంట ఎరువు కలిపి నాటి, ఎండలో పెట్టాను. నాలుగో రోజుకు ఆరూ ఎండుపుల్లలే. చీకట్లోంచి వచ్చిన మొక్కను 42 డిగ్రీల ఎండలో పెట్టి, పైగా వేరుకు ఎరువు వేడి తగిలిస్తే ఏం బతుకుతుంది? పంపినవాళ్ల తప్పు అందులో ఇసుమంత లేదు.

తర్వాత దొరికినవాడు కడియం దిక్కు చిన్న నర్సరీ అబ్బాయి. రాజమండ్రి పక్కన కడియం, కడియపులంక అంతా నర్సరీలేనని అందరికీ తెలుసు. కానీ అక్కడ పెద్దవాళ్లు లారీ లెక్కన పంపుతారు. ఇతను నాన్న నడిపే అర ఎకరం నర్సరీలోంచి మూడు, నాలుగు మొక్కలైనా ప్యాక్ చేసి పంపుతాడు. నేను ఏప్రిల్‌లోనే అడిగితే ఒప్పుకోలేదు. "ఇప్పుడొద్దండి మేడం. మీ వరంగల్ ఎండకి మొక్క దారిలోనే ఉడికిపోద్దండి. రెండు వానలు పడనివ్వండి, అప్పుడు పంపుతాను." డబ్బులు కూడా అప్పుడే వేయమన్నాడు. పంపితే సోమవారమే పంపుతాడు. గురు, శుక్రవారాల్లో పంపిన డబ్బా ఆదివారం ఏదో గోడౌన్‌లో ఉక్కపోతకు పడి ఉంటుంది. ఈ సోమవారం లెక్క అతనే నాకు నేర్పాడు, ఇప్పుడు ఎవరి దగ్గర కొన్నా ముందే చెబుతాను.

డబ్బా వస్తే పోస్ట్‌మాన్ అన్న కింద నుంచే ఫోన్ చేస్తాడు: "మేడం, మీ మొక్కలొచ్చినయి. అడుగున తడిగున్నది, జర జల్ది రాండ్రి." ఆ రోజు పని ఏదున్నా ఆపేస్తాను. మెట్ల కింద నీడలో డబ్బా కోస్తాను. కోసేముందు వీడియో మొదలుపెట్టమని మా అబ్బాయికి చెబుతాను, ఎందుకో తర్వాత చెబుతాను. ఆకుల మీది కాగితాలు తీసేసి, వేరు ముద్దకు చుట్టిన కవరు అట్లాగే ఉంచి, బకెట్ నీళ్లలో ముద్ద మునిగేదాకా పెడతాను. గురగురమని బుడగలు వస్తాయి. బుడగలు ఆగితే లోపలి దాకా తడిసినట్టు. నాకు వచ్చే మొక్కలు గట్టి ఎర్రమట్టి ముద్దలో ఉంటాయి. దాన్ని అట్లాగే కుండీలో పాతితే చుట్టూ ఉన్న గుల్ల మట్టి తడుస్తుంది కానీ ముద్ద లోపల పొడిగానే ఉండిపోతుంది. మనం రోజూ నీళ్లు పోస్తూనే ఉంటాం, మొక్క దాహంతో చస్తుంది. నానిన ముద్ద అంచులను వేళ్లతో మెల్లగా రాల్చి, వేరు కొసలు బయటపడ్డాక నాటుతాను. వారం నీడ, ఇంకో వారం పొద్దుటి ఎండ. మూడు వారాల దాకా ఏ ఎరువూ లేదు. సగం ఆకులు రాలితే భయపడను. కొమ్మను గోటితో కొద్దిగా గీకి చూస్తాను, లోపల పచ్చగా ఉంటే మొక్క బతికే ఉంది. ఈ పద్ధతి పట్టుకున్నాక పదిలో ఎనిమిది నిలిచాయి.

వీడియో ఎందుకంటే, 2022 వానాకాలంలో ఇంకో నర్సరీ దగ్గర పొట్టి రకం అంటు మామిడి తెప్పించాను. మొక్క 650, కొరియర్ 150. ఏడాదిన్నరకే కాత అన్నారు. వచ్చిన మొక్క నిటారుగా, నున్నగా ఉంది. మా నాన్న బతికున్నప్పుడు పరకాల దగ్గర మా చేన్లో అంటు మామిళ్లు పెట్టాడు కాబట్టి నాకు అంటు ఎట్లుంటదో తెలుసు. మట్టికి జానెడు పైన కాండం మీద ఒక ఏటవాలు మచ్చ, చిన్న వంకర, దాని కింద బెరడు ఒక రంగు, పైన ఇంకో రంగు. దీనికి అవేమీ లేవు. టెంక మొలిచిన మొక్కను అంటని అమ్మారు. అడిగితే డబ్బా విప్పే వీడియో లేదు కాబట్టి కుదరదన్నారు. 800 రూపాయలు మాకు చిన్న మాట కాదు. అప్పటి నుంచి అంటు మొక్క కొంటే, పంపేముందు అంటు చోటు దగ్గరగా ఫొటో తీసి పంపమంటాను. నిజంగా అంటు ఉన్నవాళ్లు అయిదు నిమిషాల్లో పంపుతారు. పంపనివాళ్ల దగ్గర కొనను. సిద్దిపేట దిక్కు ఒకరు అట్లా ఫొటో పంపి, జామ, నిమ్మ మొక్కలు ఆర్టీసీ కార్గోలో వేశారు. పొద్దున వేస్తే సాయంత్రానికి హనుమకొండ బస్టాండులో తెచ్చుకున్నాం. దగ్గరి ఊళ్ల నుంచైతే కొరియర్ కన్నా ఇదే మేలు. మొక్క ఒక రాత్రి కూడా డబ్బాలో పడుకోదు.

2023 జులై చివరి వారం మరిచిపోలేను. కడియం అబ్బాయి సోమవారం డబ్బా వేశాడు. గురువారం, 27న, వరంగల్ జిల్లాల మీద ఆకాశం చిల్లు పడ్డట్టు వాన. హసన్‌పర్తి, కాజీపేట నడుమ పట్టాల మీదికి నీళ్లొచ్చి రైళ్లు ఆగిపోయాయి. మా వీధిలో మోకాళ్ల లోతు నీళ్లు. ములుగు, భూపాలపల్లి దిక్కు మనుషులే కొట్టుకుపోయిన వారమది, మొక్కల గురించి అడగడానికి నోరు రాలేదు. తొమ్మిదో రోజున డబ్బా వచ్చింది. అట్ట మెత్తగా నాని, పట్టుకుంటే చేతిలోకి వచ్చింది. లోపల పుదీనా కుళ్లి వాసన. రెండు మల్లె మొక్కలు నల్లబడ్డాయి. మందారం మూడు కొమ్మలకు ఆకు లేదు కానీ గీకితే పచ్చగా ఉన్నాయి. వాన లిల్లీ గడ్డలకు మాత్రం ఏం కాలేదు. ఆ చీకట్లోనే అంగుళం పొడుగు తెల్లటి మొలకలు వేసుకున్నాయి. ఫొటోలు పంపితే ఆ అబ్బాయి, "వాన మీ తప్పూ కాదు, నా తప్పూ కాదండి. మల్లెలు మళ్లీ పంపుతాను, పోస్టు ఖర్చు మీరు పెట్టుకోండి" అన్నాడు. న్యాయమైన మాట. అట్లాగే చేశాం. ఆ మందారాలు ఇప్పుడు నా ఎత్తు ఉన్నాయి. వాన లిల్లీ పది గడ్డలు ఎనభై దాటాయి, మా కాలనీలో అవి లేని ఇల్లు లేదు. తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేదొకటే: ముందు గడ్డలు, కొమ్మలు, పిలకలు తెప్పించుకోండి. అవి ప్రయాణాన్ని ఓర్చుకుంటాయి. దొండ తీగ ముక్కలు తడి గోనె గుడ్డలో చుట్టి పంపినా బతుకుతాయి. మల్లె, కరివేపాకు దగ్గరి నర్సరీలోనే చూసి కొనుక్కోవడం మంచిది.

మాకు కోతులతో ఒక కష్టముంది. టమాటా ఎర్రబడితే పొద్దున్నే దిగుతాయి. అందుకే వాటి కంట పడని పంటలు ఎక్కువ వేస్తున్నాను: మిరప, పుంటికూర, కాకర, పసుపు. మిరప అంటే మా చపాట చెప్పకుండా ఉండలేను. టమాటాలా గుండ్రంగా, ఉబ్బుగా ఉంటుంది, కారం తక్కువ, రంగు ఎక్కువ. పచ్చళ్లకు దాన్ని మించింది లేదు. వరంగల్ చపాటకు జీఐ గుర్తింపు (ఇది ఫలానా చోటి పంటేనని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా ఉంది. మదనపల్లె ఆమెకు దాని గురించి చెబితే చిన్నపిల్లలా అడిగింది. నర్సంపేట దిక్కు మా చుట్టాల చేన్లోంచి పండు కాయలు తెచ్చి, గింజ తీసి, నీడలో ఆరబెట్టి, క్యాలెండర్ కాగితంలోనే మడిచి పంపాను. మొదటిసారి నేను పోస్టులో గింజ పంపడం అదే. ఆమెకు డబ్బులు వద్దన్నాను. బదులుగా నల్ల వంకాయ, పొడుగు పొట్ల గింజలు పంపింది.

కానీ మరుసటి ఏడాది నా కుండీ చపాట గింజే పంపాను. అప్పుడు తప్పు జరిగింది. నా చపాట పక్కనే సన్నమిర్చి ఉంది. మిరప పూత తనలో తానే ఫలదీకరణ చెందుతుందని వదిలేశాను, తేనెటీగలు ఊరుకుంటాయా? ఆమె దగ్గర కాసిన కాయ అటు చపాట కాదు, ఇటు సన్నమిర్చి కాదు, వేలంత పొడుగై కారంతో నోరు మండించింది. ఫొటో చూసి సిగ్గేసింది. ఆమె మొదట్లో బీర పొట్లం మీద రాసిన మాట నేను రాయలేదు. ఇప్పుడు గింజకని ఉంచిన మొక్కలో ఒక కొమ్మకు, మొగ్గ విచ్చకముందే, పాత దోమతెర గుడ్డ సంచీ కడతాను. రోజూ కొమ్మను కొద్దిగా ఊపుతాను, పుప్పొడి లోపలే రాలుతుంది. పిందె నిలిచాక సంచీ తీసి, ఆ కాయకు ఎర్ర దారం కడతాను. ఎర్ర దారం కాయ మా ఇంట్లో ఎవరూ కోయరు. పోయిన ఫిబ్రవరిలో అట్లాంటివి పదకొండు కాయలు వచ్చాయి. పొట్లం మీద రాశాను: "చపాట – శివరాత్రి కోత – సంచీ కట్టినది – 20." లోపల ఇరవై అయిదు వేశాను.

ఇప్పుడు మే మూడో వారం. అయిదుగురం ఎనిమిది మందిమయ్యాం. ఈసారి చిట్టీలో పందొమ్మిది రకాలున్నాయి, సగానికి పైగా మేం ఒకరికొకరం ఇచ్చుకునేవే కాబట్టి కొనేవి ఎనిమిది. మదనపల్లె ఆమె ఈ ఏడు ఆనిగెపు గింజ లేదంది, కాయ గింజకు ఉంచితే కోతులు కాదు, అక్కడ ఉడతలు తిన్నాయట. మా రైల్వే అక్క దగ్గర ఎండిన ఆనిగెపు బుర్ర ఒకటి అటకమీద ఉంది, ఊపితే గలగలమంటోంది. దాన్ని రేపు ఆదివారం పగలగొట్టి తలా నాలుగు తీసుకుని, ఓ ఇరవై ఆమెకు పంపాలి. కడియం అబ్బాయిని రెండు సన్నజాజులు అడిగాను. రెండు వానలు పడనివ్వమన్నాడు.